జడకు తొడిగిన గుడ్డ

మూడోసారి కుట్లు విప్పుతుండగా సూది వేలికి గుచ్చుకొని, తెల్లని నార గుడ్డ మీద చిన్న ఎర్రచుక్క పడింది.

నేను కుడుతున్నది 15వ శతాబ్దం చివరిలో స్పెయిన్ స్త్రీలు ధరించిన త్రన్‌సాదో. తల వెనుక భాగాన్ని కప్పే కుళ్లాయి, దాని నుంచి వీపు మీదుగా కిందికి దిగే పొడవాటి గొట్టం, ఆ గొట్టంలో జడ, దానిపై అడ్డంగా చుట్టిన నాడా ఉంటాయి. ముందువైపు పాపిడి మాత్రం బయటికి కనిపిస్తుంది.

నా జడ పలుచన కావడంతో గొట్టం ముడతలు పడి వేలాడింది. చివరికి అమ్మ సవరాన్ని అడిగి తెచ్చి, జడలో కలిపి అల్లి, నాడాను గట్టిగా బిగించిన తరువాతే అది నిటారుగా నిలిచింది. సవరం ఎందుకో చెబితే అమ్మ ఇచ్చేది కాదేమో!

దీనికి జతగా వేసుకునే లంగా పని ఇంకా మొదలుపెట్టలేదు. చిత్రకారుడు పేద్రో గార్సియా దె బెనబార్రె సుమారు 1470లో గీసిన చిత్రంలో, బైబిల్‌లోని హేరోదు రాజు విందులో ఉన్న స్త్రీల లంగాలపై గట్టి వలయాలు లోపల కాకుండా బయటివైపే, అందరికీ కనిపించేలా కుట్టి ఉన్నాయి. వాటిని దాచాలని ఆ దర్జీలకు అనిపించకపోవడమే నాకు బాగా నచ్చింది.

ఎర్రచుక్క ఇంకా పోలేదు; దాని మీదుగా నాడా చుట్టేశాను.