కోర్సుకింత అని జీతం

అమెరికాలో నేను చెప్పే సాహిత్యం కోర్సులో సగం రోజులు అసమానతల మీదే నడుస్తాయి. నా జీతం మాత్రం కోర్సుకింత అని లెక్క. అడ్జంక్ట్ అంటారు మమ్మల్ని. వేసవిలో జీతం ఉండదు, నాకు హెల్త్ ఇన్సూరెన్సూ లేదు. చాలినంతమంది విద్యార్థులు చేరకపోతే ఇంకో వారంలో సెమిస్టర్ మొదలనగా కూడా క్లాసు ఎత్తేస్తారు. సిలబస్ తయారుచేసిన రోజులన్నీ గంగలో కలిసినట్టే.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. అధ్యాపకుల సంఘం ఏఏయూపీ లెక్కల ప్రకారం టెన్యూర్‌కు, అంటే శాశ్వత ఉద్యోగానికి, దారి లేని కొలువుల్లో ఉన్నవాళ్లు 1987లో 47 శాతం, 2021లో 68 శాతం. నేను రెండు కాలేజీల్లో చెబుతాను, మధ్య దూరం 40 మైళ్లు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరిపోయింది. హెచ్1బీ అయితే ఏ కాలేజీకి ఆ కాలేజీ విడిగా పిటిషన్ వేయాలి. నాలుగు నెలల మనిషి కోసం ఎవరు వేస్తారు?

ఓసారి డిపార్ట్‌మెంట్ మీటింగులో సామాజిక న్యాయం మీద ఒక ప్రకటన రాస్తున్నారు. ఒక్కో మాట దగ్గర పావుగంట చర్చ. చివర్లో నేను అడ్జంక్టుల జీతం సంగతి ఎత్తాను. కార్మికుల చరిత్ర మీద పుస్తకాలు రాసిన ఒక పెద్దాయన, నిజంగా మంచి మనిషే, "అది డీన్ చూసుకునే విషయం" అని ముందున్న కాగితాలు సర్దుకున్నారు. ఆ సర్దుకోవడం గురించి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుని తిట్టుకున్నానో.

ఆ తర్వాతి సెమిస్టర్‌లో కులం మీద క్లాసు. 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ సియాటిల్ నగరం చేసిన చట్టం (అమెరికా నగరాల్లో అదే మొదటిది), అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ వీటో చేసిన బిల్లు, అన్నీ వివరంగా చెప్పాను. 'అక్కడ వాళ్లు ఇలా చేస్తారు' అంటూ గంటసేపు. వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"ఇందులో మీరు ఏ వైపు, ప్రొఫెసర్?"

తప్పుగా అడిగింది కాదు. ఆ కోర్సులో ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో అడగమని మొదటి రోజు నేర్పింది నేనే. మా ఇంటిపేరు వింటే చాలు, మాకు ఇల్లు అద్దెకివ్వడానికి ఎవరూ రెండోసారి ఆలోచించేవాళ్లు కాదు. ఆ ఒక్క సంగతి చెప్పినా సరిపోయేది. అడ్జంక్టుల గురించి మాట్లాడేటప్పుడు 'మేము, మేము' అని గొంతు పెంచే మనిషిని, ఇక్కడ 'వాళ్లు' దాటి రాలేకపోయాను.

"మంచి ప్రశ్న, టైముంటే చివర్లో మాట్లాడదాం" అని ప్రొజెక్టర్ వైపు తిరిగి తర్వాతి స్లైడ్ వేశాను. చివర్లో టైము మిగిలింది. హాజరు పట్టీ, కాగితాలు సర్దుకున్నాను.