జుట్టు ఊడుతోందా? మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి

పదిహేను పదహారేళ్ళ పిల్లలు జుట్టు ఊడిపోతోందని చెప్తే ఇంట్లో పెద్దవాళ్ళ నోట ముందు వచ్చే మాట "రాత్రిళ్ళు ఆ ఫోన్ చూడటం మానెయ్, అదే తగ్గుతుంది", లేదంటే "చదువుకునే వయసులో అందం గోల ఏంటి". దయచేసి రెండూ అనకండి. ఆ వయసులో దువ్వెన నిండా వెంట్రుకలు వస్తుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో పడేవాళ్ళకే తెలుస్తుంది. జుట్టు పల్చబడుతోందని ఎవరితోనూ కలవకుండా గదిలో కూర్చునే పిల్లలున్నారు.

మా అక్క కూతురు తలస్నానం చేసిన ప్రతిసారీ ఊడిన వెంట్రుకలన్నీ ఏరి, ఉండ చుట్టి, ఒక కవర్లో దాచేది. ఒకరోజు అందులోంచి ఒక వెంట్రుక తీసి, దాని చివరనున్న చిన్న తెల్లటి బొడిపె చూపించి, "పిన్నీ, కుదురుతో సహా వచ్చేసింది, ఇంక అక్కడ మొలవదు కదా" అని ఏడ్చేసింది. ఆ తెల్లటిది కుదురు కాదు. ఎదగడం ఆగిపోయి, దాని టైం అయిపోయి ఊడిన వెంట్రుక చివర అలాగే ఉంటుంది, కుదురు మాత్రం చర్మం లోపల భద్రంగానే ఉంటుంది, కొత్త వెంట్రుక అక్కడి నుంచే వస్తుంది. ఈ చిన్న విషయం తెలియక ఎంతమంది పిల్లలు ఏడుస్తున్నారో అనిపించి ఇదంతా రాస్తున్నా.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి, రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్ళకు మధ్య రోజుల్లో ఊడి జుట్టులోనే చిక్కుకున్నవి కూడా ఆ రోజే చేతికొస్తాయి కాబట్టి చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత రెండు మూడు నెలలు ఊరికే ఉండి ఊడిపోతుంది. గట్టి జ్వరం, ఆపరేషన్, సన్నబడాలని తిండి మానేయడం, ఇంట్లో పెద్ద కష్టం, ఇలాంటిది ఏదైనా వచ్చినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో కొంత భాగం ఒక్కసారిగా ఎదుగుదల ఆపేస్తాయి. అవి ఊడేది మాత్రం రెండు మూడు నెలల తర్వాత. అప్పటికి జ్వరం సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు, నింద కొత్తగా కొన్న షాంపూ మీద పడుతుంది, లేదా నీళ్ళ మీద. మా పిల్ల విషయంలోనూ అంతే, వెనక్కి లెక్కేస్తే సరిగ్గా పెద్ద జ్వరం దగ్గరికి వెళ్ళి ఆగింది.

ఇలా ఊడేది ఎక్కువమందికి ఆరు నెలల్లోపు దానంతటదే తగ్గుతుంది. కానీ జుట్టు పెరిగేది నెలకు ఒక సెంటీమీటరే కాబట్టి జడ మళ్ళీ ఒత్తుగా కనిపించడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది. నుదుటి దగ్గర, పాపిడి పక్కన పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే సంతోషించండి, అవి కొత్తగా వస్తున్నవే.

వెనక్కి చూసినా ఏ కారణమూ దొరక్కపోతే, లేదా ఆరు నెలలు దాటినా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి. ఆడపిల్లల్లో నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్ళకు ఐరన్ తగ్గడం చాలా మామూలు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా శరీరంలో ఐరన్ నిల్వలు తక్కువగా ఉండొచ్చు, అందుకే ఫెరిటిన్ కూడా చూపించుకోవడం మంచిది. దాంతోపాటు థైరాయిడ్. నెలసరి సరిగ్గా రాకుండా, మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు కూడా ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ఆడవాళ్ళకు వచ్చే సమస్య) ఉందేమో చూడాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నా కొందరికి జుట్టు ఊడుతుంది, డాక్టర్‌కి ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

తలంతా కాకుండా ఒకచోటే ఊడితే దారి వేరు. రూపాయి బిళ్ళలా గుండ్రంగా, నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, పేలతో దానికి ఏ సంబంధమూ లేదు, మన రోగనిరోధక శక్తే పొరబడి కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వస్తుంది. ఒకటి రెండు మచ్చలైతే చాలామందికి మళ్ళీ మొలుస్తుంది. అలా నున్నగా కాకుండా ఊడిన చోట పొట్టు రాలుతూ, దురదగా, వెంట్రుకలు మొదట్లోనే విరిగిపోతుంటే తలలో తామర అయ్యుండొచ్చు, దానికి పైపూతలు సరిపోవు, కొన్ని వారాలు మాత్రలు వాడాలి, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది కూడా. జుట్టు గట్టిగా లాగి కట్టే అలవాటున్నవాళ్ళకు నుదురు, కణతల దగ్గర పల్చబడుతుంది. జడ వదులు చేస్తే చాలు, కాకపోతే ఏళ్ళ తరబడి లాగితే అక్కడ తిరిగి రాకపోవచ్చు. ఇక కొందరు పిల్లలు తమకే తెలియకుండా, చదువుతూనో ఆలోచిస్తూనో తమ జుట్టు తామే పీక్కుంటారు. వాళ్ళను తిట్టకండి, కొట్టకండి. అది మొండితనం కాదు, ఆపుకోలేకపోతున్నారు, కౌన్సెలింగ్‌తో మెరుగవుతుంది.

మగపిల్లలకు పద్ధెనిమిది దాటకముందే బట్టతల మొదలవడం కూడా ఉంది. అది నాన్న వైపు నుంచే వస్తుందనేం లేదు, అమ్మ వైపు నుంచీ రావచ్చు. ఇక్కడ నా గోడు ఒక్కటే, వీడియో చూసి ఆన్‌లైన్లో మందు తెప్పించుకోవద్దు. పైన రాసుకునే మినాక్సిడిల్ డబ్బా మీదే పద్ధెనిమిదేళ్ళలోపు వాళ్ళకు కాదని ఉంటుంది, ఫినాస్టెరైడ్ అసలు పిల్లలకిచ్చే మందు కాదు. బయోటిన్ అనే విటమిన్ గోళీలు కూడా అంతే, లోపం లేనివాళ్ళకు వాటివల్ల ఒరిగేది పెద్దగా ఏం లేదు, పైగా థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు. విటమిన్ ఏ ఎక్కువైతే జుట్టు ఇంకా ఊడుతుంది!

చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజు తలకు నూనె రాయకండి, పల్చబడింది కనిపించకుండా పౌడర్లూ స్ప్రేలూ వద్దు. ఎప్పుడు మొదలైందో, దానికి ముందు మూడు నెలల్లో ఏం జరిగిందో, ఏ మందులు వాడారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అమ్మానాన్నలు కాసేపు బయట కూర్చుని పిల్లల్నే మాట్లాడనివ్వండి, నెలసరి గురించో, తిండి మానేయడం గురించో మీ ముందు చెప్పలేనివి వాళ్ళు డాక్టర్‌కి చెప్పుకుంటారు.