ఆమ్ల మట్టికి సున్నం: పది వారాల లెక్క

మొదటి వారం: కుండీల కోసం పీట్ (చిత్తడి నేలల్లో ఏళ్ల తరబడి మాగిన నాచు) మూడు వంతులు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు కలిపాను. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 4.3. టమాటా, మిరపకు 6 దాటితేనే మేలు. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కనుక ఇది చిన్న తేడా కాదు. లీటరు మిశ్రమానికి 4 గ్రాముల చొప్పున, 20 లీటర్లకు 80 గ్రాముల డోలమైట్ (ఒక రకం సున్నపురాయి) పొడి వేసి, తడిపి మూత పెట్టాను. పొడి పిండిలా మెత్తగా ఉండాలి. రవ్వలా ఉంటే కరగడానికి నెలలు పడుతుంది. డోలమైట్‌తో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా అందుతుంది. గోడలకు వేసే సున్నం జోలికి పోలేదు. దాని క్షారగుణం చాలా తీవ్రం, లేత వేళ్లు మాడిపోతాయి.

రెండో వారం: 5.1. ఇంతేనా అనిపించి, ఒక కుండీకి సరిపడా మిశ్రమం విడిగా తీసి మరో మోతాదు కలిపాను.

నాలుగో వారం: అసలు మిశ్రమం 6.1కి చేరింది, మొక్కలు నాటాను. రెండు మోతాదులు పడిన కుండీ మాత్రం 7.2 చూపింది. అందులోనూ ఒక టమాటా పెట్టాను.

కొలిచే పద్ధతి ఒకటే: ఒక వంతు మిశ్రమం, రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్, బాగా కలిపి అరగంట ఆగడం. మీటరును ముందుగా పీహెచ్ 4, 7 అని తెలిసిన ద్రావణాలతో సరిచూసుకోవాలి. ఇది మానేస్తే మిగిలిన శ్రమంతా వృథా.

ఆరో వారం: ఆ టమాటా కొత్త ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నత్రజని లోపమైతే ముదురాకుల నుంచి మొదలవుతుంది. ఇది లేతాకుల్లో కనిపించింది కాబట్టి ఇనుము అందడం లేదన్నమాట. మట్టిలో ఇనుము ఉన్నా పీహెచ్ ఎక్కువైతే వేళ్లు తీసుకోలేవు. మొక్కను 6.1 మిశ్రమంలోకి మార్చాను. పాత ఆకులు కోలుకోలేదు, కొత్త చిగురు పచ్చగా వచ్చింది. ఆ చిగురు చూసి ఎంత ఊరట కలిగిందో!

పదో వారం: పెరటి మడి సంగతి వేరు. బంకమట్టి, మొదట్లో 5.4. బంకమట్టికి ఇసుక నేలకంటే ఎక్కువ సున్నం కావాలి. చదరపు మీటరుకు 250 గ్రాములు చల్లి, 15 సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి కలిపాను, ఎందుకంటే పైన చల్లి వదిలేసిన సున్నం కిందికి తొందరగా దిగదు. అదే సమయంలో యూరియా గానీ పచ్చి పశువుల ఎరువు గానీ వేయలేదు. సున్నం తగిలితే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఇప్పుడు 5.7 ఉంది. మళ్లీ కొలిచేది రెండు నెలల తర్వాతే, అప్పటిదాకా ఒక్క చెంచా కూడా వేయను.