ఐస్ లేని ఊళ్లో ఐస్ టెస్టుకు ప్రిపరేషన్

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి ఫిగర్ స్కేటింగ్ టెస్టుల గురించి నన్ను అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య పెరిగారు. అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే: "అక్కా, ఎన్ని జంప్‌లు రావాలి?" స్కేటింగ్ స్కిల్స్ టెస్టులో మొదటి మెట్టుకు ఒక్క జంప్ కూడా అక్కర్లేదు. స్పిన్ కూడా అక్కర్లేదు. ఇది విని కొందరు సంతోషిస్తారు, ఎక్కువ మంది డీలా పడతారు. "మరి దాంట్లో ఏముందక్కా?" అన్నాడు ఒక తమ్ముడు. ఏముందో చెప్తాను.

ముందు నా సంగతి. చిన్నప్పటి నుంచి హన్మకొండలో క్వాడ్ స్కేట్ల మీద, అంటే ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే స్కేట్ల మీద, ఆర్టిస్టిక్ (చక్రాల మీద చేసే ఫిగర్ స్కేటింగ్) చేశాను. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లినప్పుడు అక్కడి యూఎస్ ఫిగర్ స్కేటింగ్ సంస్థ పెట్టే టెస్టుల్లో మొదటిది, ప్రీ-ప్రిలిమినరీ, పాసయ్యాను. జంప్‌లు, స్పిన్‌లకు సింగిల్స్ అని వేరే టెస్టు ఉంది. అయితే ఏ లెవెల్‌లోనైనా ముందు స్కిల్స్ పాసైతేనే సింగిల్స్‌కు రానిస్తారు. టెస్ట్ సంగతి ఫోన్‌లో చెబితే మా అమ్మ, "ఏం పరీక్షనే అది, నౌకరి వస్తదా?" అంది. నౌకరి రాదమ్మా, కాగితం వస్తది అన్నాను.

ప్రీ-ప్రిలిమినరీలో నాలుగు అంశాలు ఉంటాయి. రింక్ అంచు వెంబడి బలంగా తోసుకుంటూ తిరగడం ఒకటి. ఒక గీతను ఆధారం చేసుకుని ఇటొక అర్ధవృత్తం, అటొక అర్ధవృత్తంగా వరుస ఎడ్జ్‌లు వేయడం, అంటే బ్లేడ్ ఒక అంచు మీద వాలి వంపుగా జారడం, రెండోది. ఇవి ముందుకు, వెనక్కి, బయటి ఎడ్జ్, లోపలి ఎడ్జ్, అన్నీ చూపించాలి. మూడోది స్పైరల్: ఒంటికాలి మీద జారుతూ రెండో కాలిని వెనక్కి నడుము ఎత్తుకు చాచడం, కుడికాలి మీద ఒకసారి, ఎడమకాలి మీద ఒకసారి. నాలుగోది వాల్ట్జ్ ఎయిట్. అసలు పరీక్ష అదేనని నా అభిప్రాయం. రెండు వృత్తాలు కలిసిన ఎనిమిది ఆకారంలో బయటి ఎడ్జ్ మీద ముందుకు వెళ్లి, త్రీ-టర్న్ (అదే కాలి మీద ముందు నుంచి వెనక్కి తిరగడం, ఐస్ మీద 3 అంకెలా గీత పడుతుంది) తిరిగి, కాలు మార్చి వెనక్కి జారి, మళ్లీ ముందుకు తిరిగి మొదలుపెట్టిన చోటికే రావాలి. వాల్ట్జ్ అంటే మూడు లెక్కల నడక. సంగీతం నేర్చుకున్నవాళ్లు తకిట తకిట అని మనసులో అనుకుంటూ చేయండి. కోచ్ ఇంగ్లిష్‌లో చెప్పే వన్-టూ-త్రీ కంటే నాకు అదే త్వరగా పట్టుబడింది.

గమనించారా, ఈ నాలుగింటిలోనూ అడిగేది ఎడ్జే. బ్లేడ్ అడుగు చదునుగా ఉండదు. మధ్యలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఏ అంచు మీద నిలబడ్డామో, అది ఎంత నికరంగా ఉందో జడ్జి చూస్తారు. ఈ పట్టింపు ఇప్పటిది కాదు. ఒకప్పుడు ప్రపంచ పోటీల్లోనే ఐస్ మీద వృత్తాలు దిద్దించి, వంగి చూసి మార్కులు వేసేవారు. 1972 సపోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా అమ్మాయి ట్రిక్సీ షూబా జంప్‌లు, స్పిన్‌లు ఉండే ఫ్రీ స్కేటింగ్‌లో ఏడో స్థానంలో ఉండి కూడా స్వర్ణం గెలిచింది. ఆ వృత్తాల్లో ఆమె సంపాదించిన ఆధిక్యం అంతటిది. టీవీ చూసే జనానికి అదెలా సాధ్యమో అర్థం కాలేదు. క్రమంగా వాటి మార్కుల వాటా తగ్గించి, 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల నుంచి పూర్తిగా తీసేశారు. పోటీల్లోంచి పోయినా టెస్టుల్లో వాటి వాసన పోలేదు. మన రోలర్ ఆర్టిస్టిక్‌లోనైతే నేల మీద పెయింట్‌తో గీసిన వృత్తాల వెంట తిరిగే ఫిగర్స్ అనే ఈవెంట్ ఇంకా ఉంది. రాష్ట్ర సెలక్షన్స్‌కు వెళ్లినవాళ్లు ఆ పెయింట్ గీతల మీద తిరిగే ఉంటారు. మీకు తెలియకుండానే సిలబస్‌లో సగం చదివేశారన్నమాట.

అందుకే ఐస్ లేదని కూర్చోవద్దంటాను. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు, 2015లో అర్జున అవార్డు సాధించింది చక్రాల మీదే.

ఇక ప్రాక్టీస్. మీటర్లు కొలిచిన తాడు, సుద్దముక్క కొనండి. తాడు ఒక కొసను స్నేహితుడు నేల మీద నొక్కి పట్టుకుంటే మూడు మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయొచ్చు. ఆనుకుని ఇంకోటి గీస్తే ఎనిమిది తయారు. గీత మీద తిరగడం వచ్చాక గీత చెరిపేసి తిరగండి. చక్రాలు కాస్త తడిపి సిమెంటు మీద తిరిగితే మీ దారి కాసేపు కనబడుతుంది. వృత్తం అనుకున్నది కోడిగుడ్డులా వచ్చిందంటే ఎక్కడో బరువు లోపలికి పడుతోంది. ఎక్కువ మందికి త్రీ-టర్న్ తర్వాతే అలా అవుతుంది. తిరిగేశాం కదా అని భుజాలను కూడా వదిలేస్తారు. తిరిగిన వెంటనే భుజాలను ఎదురు దిక్కుకు పట్టి ఆపాలి. దీని కోసం ఫోన్‌ను వృత్తం పక్కన కాకుండా రెండు వృత్తాలు కలిసే చోటికి ఎదురుగా పెట్టి వీడియో తీయండి. పక్క నుంచి తీసిన వీడియోలో అందరం బాగానే కనిపిస్తాం.

చోటు దొరకడం పెద్ద తలనొప్పి. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అమెరికాలో మామూలు రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, అంటే సుమారు 61 మీటర్లు, 26 మీటర్లు. కోర్టులో వేగం అందుకునేలోపే గోడ వచ్చేస్తుంది. వాల్ట్జ్ ఎయిట్‌కు కోర్టు చాలు కానీ, మొదటి అంశానికి మాత్రం పొడవైన చోటు వెతకాలి. ఎండాకాలంలో పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. వానాకాలంలో నేను కనిపెట్టిన ఉపాయం ఫంక్షన్ హాల్. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, హాళ్లు ఖాళీ. మా కాలనీ హాల్ ఓనర్ అంకుల్‌ను అడిగితే కరెంటు ఖర్చు ఇమ్మన్నారు, అంతే. గచ్చు మీద మచ్చలు పడకుండా నల్ల టో-స్టాపర్లు (స్కేట్ ముందు కొసన ఉండే రబ్బరు బ్రేకులు) తీసేసి వెళ్లండి. గ్రానైట్ నున్నగా ఉంటుంది కాబట్టి గట్టి చక్రాలు జారిపోతాయి, కొంచెం మెత్తనివి వాడాలి. ముహూర్తాలు మొదలయ్యాయంటే మాత్రం మళ్లీ కోర్టే గతి.

చక్రాల నుంచి బ్లేడ్‌కు మారినప్పుడు ఏమవుతుందో ముందే తెలిస్తే మంచిది. క్వాడ్ మీద ట్రక్ నట్ (చక్రాల ఇరుసును బిగించే నట్) కాస్త వదులు చేసుకుంటే ఎక్కువ వాలొచ్చు, ఎడ్జ్ అలవాటవుతుంది. కానీ క్వాడ్ వేగం త్వరగా చచ్చిపోతుంది, ఐస్ మీద ఒక్కసారి తోస్తే చాలా దూరం పోతుంది. ఆ ఖాళీ సమయంలో ఏం చేయాలో తెలియక శరీరం కంగారు పడుతుంది. లెక్క పెట్టుకుంటూ ఓపిగ్గా నిలబడటమే మందు. త్రీ-టర్న్ కూడా వేరే. క్వాడ్ మీద మడమ చక్రాల బరువు తేల్చి తిప్పుతాం. బ్లేడ్ అడుగున పొడవునా చిన్న వంపు ఉంటుంది. అరికాలి ముందు భాగం మీదికి బరువు తెస్తే చాలు, అదే తిరుగుతుంది. పాత అలవాటుతో మడమ ఎత్తితే టో-పిక్ (బ్లేడ్ ముందు కొసన ఉండే పళ్లు) ఐస్‌లో దిగి బోర్లా పడతాం. ఇంకోటి, టో-స్టాపర్‌తో తోసే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే మానేయండి. ఐస్ మీద పాదం అంచుతో పక్కకు తోయాలి. వేళ్లతో వెనక్కి తోస్తే మొదటి రౌండ్‌లోనే జడ్జి కంట పడుతుంది.

స్పైరల్‌కు నేల మీద కసరత్తే సగం పని. భద్రకాళి బండ్ మీద నడిచొచ్చాక ఒంట్లో వేడి ఉండగానే సాగదీయండి.

టెస్ట్ రోజు హడావుడి ఏమీ ఉండదు, నిజానికి అదే టెన్షన్ పెడుతుంది. స్కిల్స్ టెస్టులో పాట ఉండదు. చిన్న గుంపుగా కాసేపు వార్మప్, తర్వాత పేరు పిలుస్తారు, నిశ్శబ్దంలో మీ బ్లేడ్ చప్పుడు మీకే వినిపిస్తుంది. నాతో వార్మప్ చేసినవాళ్లలో ఎక్కువ మంది ప్రైమరీ స్కూల్ పిల్లలు. వాళ్ల పక్కన నిలబడటానికి మొహమాటపడకండి, వాళ్లకు లేని మొహమాటం మనకెందుకు? ఏదైనా అంశం సరిగా రాకపోతే జడ్జి మళ్లీ చేయమని అడగొచ్చు. అలా అడిగితే భయపడాల్సిందేమీ లేదు, పాస్ చేయడానికి దారి వెతుకుతున్నట్టే. బ్లేడ్‌కు సాన ముందు రోజు పట్టించొద్దు. కొత్త పదును మీద పాదం కుదురుకోవడానికి కొన్ని రోజులు ఇవ్వండి. రింక్ చలిగా ఉంటుంది, మన ఒంటికి మరీ. లోపలికి వెళ్లే ముందే బయట గెంతి చెమట పట్టించుకోండి.

డబ్బు విషయం దాచను. క్లబ్ సభ్యత్వం, టెస్ట్ ఫీజు, కోచ్ ఫీజు, ఐస్ టైమ్, అన్నీ విడివిడి ఖర్చులు. చివరి రెండే జేబు ఖాళీ చేసేవి. చదువుకోసం వెళ్లేవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టకండి, పార్ట్‌టైమ్ జీతం కుదిరాక చూసుకోండి. ఇక్కడే ఉండేవాళ్లకు 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం డెహ్రాడూన్‌లో కట్టిన ఇండోర్ రింక్ ఉంది. రైలెక్కే ముందు అది తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

నేనిప్పుడు తర్వాతి లెవెల్, ప్రిలిమినరీ, సిలబస్ మీద ఉన్నాను. దాంట్లో ఫార్వర్డ్ సర్కిల్ ఎయిట్ ఉంది: ఒక్కో వృత్తం మొత్తం ఒక్కో కాలి మీదే. నా ఎడమకాలు చివరి పావు వంతులో ఇంకా వణుకుతోంది. ఎవరికైనా అదే సమస్య ఉంటే ఆదివారం పొద్దున కోర్టుకు రండి, తాడు నా దగ్గరుంది, సుద్దముక్కలు మీరు తెండి.