బాణాల గుర్తులు తీసి పంపండి

"నేను రన్ చేయగలిగేలా కోడ్ పంపగలరా? థాంక్స్." టీమ్‌లో సీనియర్ ఒకావిడ నుంచి వచ్చిన మెసేజ్ ఇంతే. ఆ థాంక్స్ లేకపోతే ఇంత మండేది కాదేమో.

నేను పంపినదాంట్లో లోపమేం లేదు. పైథాన్ షెల్‌లో (ఒక్కో లైన్ కొట్టగానే అక్కడే నడిపి జవాబిచ్చే చోటు) తేదీలు సరిచేసే ఫంక్షన్ రాసి, రకరకాల తేదీలతో నడిపి, జవాబులతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేసి పెట్టాను. >>> అనే బాణాల గుర్తులు ఉన్న లైన్ నేను కొట్టింది, ఏ గుర్తూ లేనిది షెల్ ఇచ్చిన జవాబు. ఇంతకంటే రుజువేం కావాలి? ఇలాంటి ఉదాహరణల్ని నడిపి, జవాబు సరిపోయిందో లేదో చూసే డాక్‌టెస్ట్ మాడ్యూల్ నడిచేదే ఆ గుర్తుల మీద కదా!

మన దగ్గర, పాత ఆఫీసులో, స్క్రీన్‌షాట్ పంపినా పని జరిగిపోయేది. "ఏంటి నాయనా ఇది, దీన్ని నేనేం చేసుకోను?" అని లీడ్ అందరి ముందూ అరిచేవాడు. ఆ వెంటనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని తనే సరిచేసి పెట్టేవాడు. టీ టైమ్‌కి ఆ తిట్టు ఇద్దరికీ గుర్తుండేది కాదు. ఈ కొత్త ఆఫీసులో ఎవరూ అరవరు. పక్కన కూర్చోరు కూడా. మర్యాదగా ఒక్క లైన్ రాసి పడేస్తారు, మనం సాయంత్రం దాకా దాన్నే తలుచుకుంటూ ఉండాలి.

సరే, ఆవిడ చోట ఉండి చూద్దామని నా కోడ్ నేనే మామూలు షెల్‌లో పేస్ట్ చేశా. మొదటి లైన్‌కే సింటాక్స్ ఎర్రర్. చేత్తో శుభ్రం చేద్దామంటే అదో తలనొప్పి. బాణాలు మూడే అయినా వాటి వెనక ఒక స్పేస్ ఉంటుంది. అది మిగిలిపోతే ఇండెంటేషన్ (లైన్ మొదట్లో వదిలే ఖాళీ) ఎర్రర్. ఫంక్షన్ లోపలి లైన్లలో బాణాలకి బదులు షెల్ పెట్టే మూడు చుక్కలతో పాటు అసలు ఇండెంట్ కూడా కోసేశామా, ఇంకో ఎర్రర్. జవాబుల లైన్లు ఏరి పారేయడం సరేసరి.

ఐపైథాన్ అనే ఇంకో పైథాన్ షెల్ అయితే పేస్ట్ చేయగానే ఆ గుర్తుల్ని తనే తీసేస్తుంది. పాత ఆఫీసులో అందరం వాడింది అదే. మా లీడ్ ఓపిక అనుకున్నదాంట్లో కొంత ఐపైథాన్‌దేనేమో!

ఐపైథాన్‌లో %సేవ్ కమాండ్‌కి ఫైల్ పేరు, లైన్ల నంబర్లు ఇస్తే కోడ్ ఒక్కటే ఫైల్లోకి వెళ్తుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13లో అయితే మామూలు షెల్‌లోనే ఎఫ్2 నొక్కితే చాలు, గుర్తులూ జవాబులూ లేని హిస్టరీ కనిపిస్తుంది.

మళ్లీ పంపాను, కోడ్ వేరే ఫైల్‌గా, సెషన్ వేరే ఫైల్‌గా. మర్నాడు రివ్యూలో చూద్దును కదా, ఆవిడ నా సెషన్‌ని ఫంక్షన్ డాక్‌స్ట్రింగ్‌లో (ఫంక్షన్ లోపల మొదట్లో రాసే వివరణ) పెట్టి డాక్‌టెస్ట్ చేసేశారు, బాణాలతో సహా. ఆ ముక్కేదో నా డెస్క్ దగ్గరికొచ్చి చెప్తే ఏం పోయేదట?