సంక్రాంతికి మేడ మీద కలాంచో పూయించాను

మొదట మోజుపడింది సెడమ్ మీద. చలిదేశాల తోటల్లో మిగతా పూలు తగ్గుముఖం పట్టే వేళకి, దళసరి ఆకుల మధ్య గులాబీ రంగు గుత్తులు వేస్తుందది. మంచుకి పైదంతా ఎండిపోయినా వసంతంలో మళ్లీ మొదలు నుంచి లేస్తుంది. ఆ చలి విశాఖలో ఎక్కడిది? డిసెంబరులో కూడా ఫ్యాన్ కట్టెయ్యని ఇల్లు మాది. అందుకే అదే కుటుంబంలోని కలాంచో తెచ్చుకున్నాను. పుట్టిల్లు మడగాస్కర్, మన రణపాలకి దగ్గర చుట్టం.

వానలు దాటించడమే సగం పని. ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క కదా, వేళ్ల దగ్గర తడి నిలిస్తే కుళ్లిపోతుంది. ఎర్రమట్టి, ఏటి ఇసుక చెరిసగం, కాస్త కొబ్బరిపొట్టు, గుప్పెడు వర్మీకంపోస్టు కలిపాను. బీచ్ దగ్గరే కదా అని అక్కడి ఇసుక మాత్రం తేకండి, ఉప్పుకి వేళ్లు మాడిపోతాయి. కొమ్మలు తుంచి, కోసినచోట ఆరాక గుచ్చాను. వాయుగుండం వార్త వస్తే కుండీలన్నీ సన్‌షేడ్ కిందకి చేరేవి. ఆకు నొక్కి చూసి, మెత్తబడితేనే నీళ్లు.

అసలు కిటుకంతా చీకటిది. రోజుకి 14 గంటల చొప్పున ఓ ఆరు వారాలు కటికచీకటి ఉంటే కలాంచో మొగ్గ తొడుగుతుంది. మన దగ్గర డిసెంబరు రాత్రే 13 గంటలు, పైగా మా మేడకి ఎదురుగా తెల్లవార్లూ వెలిగే ఎల్‌ఈడీ వీధిలైటు. దీపావళి వెళ్లాక సాయంత్రం ఆరుకి అట్టపెట్టెలు బోర్లించి, పొద్దున్న ఎనిమిదికి తీసేదాన్ని. పగలంతా ఎండలోనే. కార్తీకదీపం పెట్టడానికి పైకొచ్చిన అత్తయ్య, "మొక్కల్ని చీకట్లో పెడితే పూస్తాయేటే?" అని నవ్వారు. ఆవిడే ఓ పొద్దున్న పెట్టె తీసి, చిగురు మధ్యలో ఆవగింజల్లాంటి పచ్చటి మొగ్గల్ని ముందుగా చూశారు. ఆ తర్వాత నేను ఊరెళితే పెట్టెల డ్యూటీ ఆవిడదే.

భోగినాటికి ఎరుపు, నారింజ, పసుపు. ఒక్కో పువ్వుకి నాలుగే రేకులు, గుత్తికి మాత్రం లెక్కలేనన్ని. నెలకి పైగా నిలిచాయి. పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో అందకుండా పెట్టుకోండి, ఈ మొక్క తింటే వాటికి విషం.

వాడిన గుత్తులు కత్తిరించేశాను. ఇప్పుడు పక్కింటివాళ్లకి కొమ్మలు పంచుతున్నాను. అందరూ పసుపే అడుగుతున్నారు, నాకైతే నారింజే నచ్చింది.