తెలుగు మీడియం నుంచి వచ్చి బీటెక్ ఫస్టియర్ దాటిన నా అనుభవం

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియమే. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉండే ఒక కాలేజీలో సీటొచ్చింది. ఈ ఏడాది చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లలో నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు. ఇది వాళ్ల కోసం.

మొదటి వారాల్లో ప్రతి క్లాసూ టెన్షనే. ఎం-1 (మ్యాథ్స్-1)లో మ్యాట్రిసెస్ చెప్తుంటే ఏమీ అర్థమయ్యేది కాదు. హాస్టల్‌కొచ్చి ఇంటర్ మ్యాథ్స్ 1ఏ పుస్తకం తీస్తే సగం లెక్కలు నాకు వచ్చినవే! అప్పటినుంచి ఏ చాప్టరైనా ముందు ఇంటర్ పుస్తకంలో చూసుకుని, తర్వాత ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్ తెరిచేవాణ్ని. మ్యాట్రిసెస్‌లోనే కొత్తగా వచ్చే ఐగెన్ వాల్యూస్, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం మీద అప్పుడు కూర్చోవడానికి ధైర్యం వచ్చింది. మీ ఇంటర్ పుస్తకాలు అమ్మేయకండి.

ఇంజినీరింగ్ డ్రాయింగ్ మాత్రం అందరికీ కొత్తే, ఏ మీడియం అయినా. ప్రొజెక్షన్స్, అంటే వస్తువు ముందు నుంచి, పై నుంచి ఎలా కనిపిస్తుందో గీయడం, బట్టీ పడితే రావు. ఒక అట్టను మధ్యకు మడిచి, సగం నిలబెట్టి, సగం బల్ల మీద పరిచి, ముందు పెన్సిల్ పట్టుకుని చూడండి. నిలబెట్టిన సగం మీద పడేది ఫ్రంట్ వ్యూ, కింద సగం మీద పడేది టాప్ వ్యూ. ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో టాప్ వ్యూ ఎక్స్‌వై గీతకు (అట్ట మడత గీతే అది) కింద ఎందుకొస్తుందో, ఆ నిలబెట్టిన అట్టను వెనక్కి పడుకోబెడితే కళ్లకు కనిపిస్తుంది. రెండు ప్లేన్లకూ వాలిన లైన్ల లెక్కలు నాకు అలాగే వచ్చాయి. షీట్లు సీనియర్లవి చూసి గీస్తే పరీక్ష హాల్లో చెయ్యి కదలదు.

సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌కు నా దగ్గర ల్యాప్‌టాప్ లేదు. ప్రోగ్రామ్ కాగితం మీద రాసి, లూప్ తిరిగిన ప్రతిసారీ వేరియబుల్ విలువ ఎంతో పక్కన పట్టికలో వేసుకునేవాణ్ని. ల్యాబ్‌లో టైప్ చేసి సరిచూసుకోవడమే మిగిలేది. వైవాలో అడిగేదీ అదే.

పరీక్ష సంగతి. మా ఆర్18 రెగ్యులేషన్‌లో (2018లో వచ్చిన యూనివర్సిటీ నియమాలు) కాలేజీలో వేసే ఇంటర్నల్ మార్కులు 25, సెమిస్టర్ చివరి ఎక్స్‌టర్నల్ పరీక్షకు 75. పాసవ్వాలంటే ఎక్స్‌టర్నల్‌లో కనీసం 26, మొత్తం మీద కనీసం 40 రావాల్సి ఉండేది. 2022లో వచ్చిన ఆర్22 నుంచి ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60 అయ్యాయి కాబట్టి మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీలో జరిగే పరీక్షలు) విలువ ఇంకా పెరిగింది. ఎక్స్‌టర్నల్ పేపర్లో పెద్ద ప్రశ్నలుండే పార్ట్-బిలో ప్రతి యూనిట్ నుంచీ రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు. అందుకే యూనిట్ మొత్తం వదిలేయడం కంటే, ప్రతి యూనిట్‌లో కొంతైనా గట్టిగా రావడం మేలు. పాత ప్రశ్నపత్రాలు చూస్తూ రోజూ ఒక జవాబు చేత్తో రాయండి. చదివితే వచ్చినట్టే ఉంటుంది, ఇంగ్లీషు వాక్యం రాయబోతే ఆగిపోతుంది. చిన్న వాక్యాలు, బొమ్మ, స్టెప్పులు. నేను అలా రాసే గట్టెక్కాను.

హాజరు 75 శాతం ఉంచుకోండి. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఫస్టియర్ సబ్జెక్టు పోతే దాని సప్లీ సెకండియర్ చదువు మధ్యలో వచ్చి పడుతుంది, మా రూమ్మేట్‌కు అది చాలా కష్టమైంది.

డౌట్ ఇంగ్లీషులో అడగలేకపోతే తెలుగులోనే అడగండి. నేను క్లాసయ్యాక వరండాలో తెలుగులోనే అడిగేవాణ్ని. సార్లు, మేడమ్‌లు ఓపిగ్గా తెలుగులోనే చెప్పేవారు.